తడి చీరలు

పొద్దున కండెలు చుట్టడం, పాపకి పాలివ్వడం, సాయంత్రం మగ్గం మీది చీరను పాత తువ్వాలుతో అద్ది ఆ తువ్వాలును బకెట్లోకి పిండడం. మూడు నెలలుగా రాజేశ్వరికి ఇవే పనులు. పాప పుట్టిన పదకొండో రోజు నుంచీ ఆమె భర్త దుర్గాశంకర్ నేసే చీరలన్నీ తడిగానే వస్తున్నాయి. నూలు పొడిదే, గుడ్డ మాత్రం తడి. ఒకసారి వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది.

మంగళగిరిలో దీన్నెవరూ వింతనుకోలేదు. గుంట మగ్గానికి చెమ్మ ఉంటే మంచిదే, పోగు తెగదు.

"మీ ఆయన పుట్టినప్పుడు మీ మామయ్యకీ మూడు చీరలు ఇలాగే వచ్చాయే అమ్మాయ్. ఎండేస్తే సరి," అంది అత్తగారు వెంకటరావమ్మ.

ఇది ముప్ఫయ్యో చీర. దుర్గాశంకర్ నాలుగు ముద్దలు కూడా తినడు. పాపని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టేసుకుంటాడు. బెంగతో రాజేశ్వరికి పాలు తగ్గిపోయాయి. ఎవరితో చెప్పుకున్నా, "బాలింతవి, లేనిపోనివి ఆలోచించకు," అని ఆమెకే జాగ్రత్తలు చెప్పి పంపేవాళ్లు.

ఆ మంగళవారం నీళ్లు పట్టుకుని వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది. కోసిన చీర మడతపెట్టి పాప పక్కన ఉంది. దానిమీద అతని చేతి గడియారం.

"అన్నం అడిగి మరీ తిన్నాడే! నవ్వుతూ బస్టాండుకి వెళ్లాడు," వెంకటరావమ్మ ముఖం వెలిగిపోతోంది. "చీర చూడు, చుక్క తడి లేదు. గండం గడిచింది."

రాజేశ్వరి చీర తాకి చూసింది. గరగరలాడుతోంది. ఇన్నాళ్లూ ఆయన ఏడుస్తున్నాడు కాబట్టి ఉన్నాడు. ఇప్పుడు ఏడుపు కూడా మానేశాడు. చెప్పులైనా వేసుకోకుండా పాపని చంకనేసుకుని పరుగెత్తింది.

బస్టాండులో బెజవాడ బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన దుర్గాశంకర్ కూర్చుని ఉన్నాడు. ఆమె రొప్పుతూ ఎక్కింది.

"ఎక్కడికండీ?"

"కృష్ణా బ్యారేజీ దగ్గర దిగుతా." ఆ గొంతు మరీ ప్రశాంతంగా ఉంది. రాజేశ్వరి పాపని అతని ఒళ్లో పెట్టేసింది.

"వద్దు రాజీ! పడేస్తానేమోనని రోజూ భయం. నేను లేకపోతేనే మీరు..."

"నాకూ భయమేనండీ. ఇది పుట్టిన రోజు నుంచీ భయమే. మీరు లేకపోతే ఇదంతా నేనొక్కదాన్నే ఎలా పడేది? బెజవాడలో డాక్టరుకి చెబుదాం. ఇద్దరం వెళ్లి చెబుదాం."

తాడేపల్లి దాటాక అతని చొక్కా చేతులు తడిశాయి. తర్వాత గుండెల మీద. సీతానగరం వచ్చేసరికి సీటు కింద ధార కట్టింది.

"కాళ్లు పైకి పెట్టుకోండమ్మా, నీళ్లొస్తున్నాయి," అని ముందుకెళ్లాడు కండక్టరు. "బ్యారేజీ! దిగేవాళ్లెవరండీ?"

దుర్గాశంకర్ తడి చేతులతో పాపని దగ్గరికి పొదువుకున్నాడు. లేవలేదు.

రాజేశ్వరి అలవాటుగా కొంగు చేతిలోకి తీసుకుంది. తుడవబోయి, మళ్లీ వదిలేసింది.