వడ్డీ లేని ఆరు నెలలు

నేను ఒక క్రెడిట్ కార్డుని. మీ జేబులోనూ నా చుట్టమో పక్కమో ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి, ఎలా ఉంటానో చెప్పనక్కర్లేదు. చెప్పుకోవాల్సింది నా బాధ. వినే ఓపిక లేకపోయినా చెబుతాను, ఎందుకంటే ఇన్నాళ్ళూ మనుషులు చెప్పిందంతా నేను నోరు మూసుకుని విన్నాను.

ఏదో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ రేకుల్ని వేడి మీద అదిమి, ముక్కలు కోసి, ఒక పక్క బంగారు రంగు చిప్ అతికించి నన్ను తయారుచేశారు. మీద పేరు అచ్చుగుద్దారు. నా పేరు కాదు లెండి, వీరరాఘవులు పేరు. నాకంటూ ఒక పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తర్వాత ఒక చిన్న పుస్తకాన్ని నాకు తోడిచ్చి కవర్లో పెట్టి తణుకు పంపించారు. ఆ పుస్తకంలో చీమంత అక్షరాలతో ఒక షరతు ఉంది. ఈ కార్డు మీద కొన్నవాటికి ఆరు నెలల దాకా వడ్డీ లేదు. గడువు రోజుకి మొత్తం కట్టకపోతే మాత్రం, కొన్న రోజు నుంచీ లెక్కగట్టి మొత్తానికీ వడ్డీ వేస్తారు. ఇందులో అర్థం కానిదేమైనా ఉందా?

వీరరాఘవులు అక్కడ రైస్ మిల్లులో గుమస్తా. కవరు చించి, కళ్ళజోడు సవరించుకుని, ఆ షరతుని రెండుసార్లు చదివి కింద ఎర్ర గీత గీశాడు. హమ్మయ్య, బుర్ర ఉన్న మనిషి చేతిలో పడ్డాను అనుకున్నాను. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. నన్ను తిన్నగా దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, ఇంటికొచ్చిన లక్ష్మి అంటూ సరిగ్గా చిప్ మీద కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ తర్వాత ఫ్రిజ్జులమ్మే షాపులో మిషను నన్ను చదవనని మొరాయిస్తే, షాపువాడు నావైపు దొంగని చూసినట్టు చూశాడు. బొట్టు పెట్టిందెవరో, మాట పడిందెవరో చూడండి.

ఫ్రిజ్జు ఎందుకో చెప్పాలి. వీరరాఘవులు భార్య సత్యవేణి చేతి వంట ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఏళ్ళ తరబడి పిండివంటలు చేసి అమ్మి నాలుగు డబ్బులు వెనకేసుకుంది. బస్టాండు ఎదురుగా కడుతున్న కాంప్లెక్సులో ఒక గది తీసుకుని కర్రీ పాయింట్ పెట్టాలని ఆమె కోరిక. గది తయారవడానికి ఆరు నెలలు పడుతుంది, అప్పుడు అడ్వాన్సు ఇవ్వాలి. ఈలోగా ఫ్రిజ్జు, గ్రైండరు, పెద్ద పొయ్యి కొనుక్కుంటే ఇంటి దగ్గరే చిన్న చిన్న ఆర్డర్లు చేసుకోవచ్చు. అన్నిటికీ సరిపడా డబ్బు ఆమె దగ్గరే ఉంది.

"డబ్బిచ్చి కొనేసుకుందాం, ఎందుకండీ ఈ తిప్పలు?" అంది సత్యవేణి.

"నీకు తెలీదు, ఊరుకో. నీ డబ్బంతా ఆరు నెలలు డిపాజిట్లో వేద్దాం. సామానంతా కార్డు మీద తెద్దాం. డిపాజిట్ చేతికొచ్చాక కార్డు బాకీ కట్టేసి, మిగిలింది అడ్వాన్సు ఇద్దాం. వచ్చిన వడ్డీ నీ కొట్టు మొదటి నెల అద్దె. ఊరికే వచ్చేదాన్ని వదులుకుంటామా ఏంటి?"

నిజం చెప్పొద్దూ, ఆ లెక్కలో తప్పు లేదు. నా కడుపుమంటంతా అదే. తప్పుడు లెక్క వేసి మునిగితే జాలిపడేదాన్ని.

సామాను కొన్నది ఒక శుక్రవారం. నాకు ఆశ్చర్యమేసింది. పాలవాడు శుక్రవారం డబ్బులడిగితే రేపు రమ్మనే మనిషి, వేలకి వేలు పెట్టి ఫ్రిజ్జు కొంటున్నాడేమిటా అని. ఆ సందేహం సత్యవేణికీ వచ్చింది. "ఇవాళ వెళ్ళేది మన లక్ష్మి కాదే, బ్యాంకోళ్ళ లక్ష్మి" అన్నాడు వీరరాఘవులు, నన్ను మిషన్లో గీయిస్తూ. పైగా ఎంత తెలివిగా చెప్పానో చూశావా అన్నట్టు షాపువాడి వైపు ఒక నవ్వు.

ఆ ఆరు నెలలూ నాకు విశ్రాంతి లేదు. టీ కొట్టు దగ్గర నలుగురు కనిపిస్తే చాలు, నన్ను జేబులోంచి తీసి బల్ల మీద టకటకా కొట్టేవాడు. వడ్డీ లేని అప్పు తీసుకోవడం గొప్ప కాదయ్యా, టైముకి తీర్చడంలో ఉంది కిటుకంతా అని పాఠం చెప్పేవాడు. టీ డబ్బులు మాత్రం విన్నవాళ్ళే ఇచ్చేవాళ్ళు.

చివరికి గురువారం డిపాజిట్ సొమ్ము ఖాతాలో పడింది. మర్నాడే నా గడువు. ఫోనులో నాలుగు మీటలు నొక్కితే అయిపోయే పని. కానీ రేపటిదాకా టైముంటే ఇవాళే ఎందుకు కట్టాలని అతని వాదన. తెల్లవారింది. స్నానం చేసి, ఫోను చేతిలోకి తీసుకుని, గోడ మీది క్యాలెండరు చూసి ఆగిపోయాడు. ఆరు నెలల నుంచీ తేదీ నోటికి వచ్చిన మనిషి, వారం మాత్రం చూసుకోలేదు.

"ఇవాళే ఆఖర్రోజన్నారుగా, కట్టెయ్యండి" అంది సత్యవేణి.

"శుక్రవారం పూట ఇంట్లో లక్ష్మిని బయటికి పంపుతామా? అందులోనూ కొట్టు పెట్టబోతూ?"

"కొట్టు పెట్టాక శుక్రవారం వచ్చినోళ్ళకి చిల్లర ఇవ్వనా ఏంటండీ?"

జవాబు లేనప్పుడు మగవాళ్ళు గొంతు పెంచుతారని అప్పటికే గమనించాను. "తెల్లారగానే కడతానన్నాగా. ఒక్క రోజుకి బ్యాంకేం మునిగిపోదు" అన్నాడు. మునిగేది బ్యాంకు కాదు నాయనా, నువ్వు అని జేబులో మొత్తుకున్నాను. ఎవరికి వినిపిస్తుంది?

శనివారం కోడి కూయకముందే కట్టాడు. సోమవారం మెసేజీ వచ్చింది. ఆరు నెలల వడ్డీ, దాని మీద జరిమానా, ఆ రెంటి మీదా పన్ను. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేశాడు.

"అమ్మా, మొన్న శుక్రవారమండి. మేం శుక్రవారం డబ్బు బయటికివ్వం."

"అర్థమైంది సార్. కానీ మేం శుక్రవారం కూడా తీసుకుంటాం సార్" అంది అవతలి అమ్మాయి, ఎంతో మర్యాదగా.

ఆ దెబ్బకి అడ్వాన్సు డబ్బుకి కన్నం పడింది. కాంప్లెక్సు ఓనరు రెండు రోజులు కూడా ఆగలేదు, ఆ గదిని సెల్‌ఫోన్ కవర్లమ్మేవాడికి ఇచ్చేశాడు. బోర్డు మీద ఏ రంగు అక్షరాలుండాలో కూడా అనుకుని పెట్టుకుంది సత్యవేణి. ఆమె అరవలేదు, వస్తువులు విసిరేయలేదు. ఫ్రిజ్జుకి చేరగిలబడి కూర్చుని, "నేను నమ్మింది మిమ్మల్నండీ, ఆ కార్డుని కాదు" అంది. నాకు సిగ్గేసింది. తప్పు నాది కాదని తెలిసినా సిగ్గేసింది.

వారం తిరక్కుండా ఆమె ఇంటి వరండాలోనే బల్ల వేసింది. గది పోయినా చేతి వంట ఎక్కడికీ పోలేదుగా. మిల్లు హమాలీలు, ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లల తల్లులు చపాతీలూ కూరలూ పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. చొక్కా ఉతకబోతూ నన్ను జేబులోంచి తీసిన సత్యవేణి, మళ్ళీ అతనికి ఇవ్వలేదు. చపాతీ పీటకి అంటుకున్న పిండి గీకడానికి నా అంచు బాగుంటుందని ఆమె కనిపెట్టింది. ఇంత సూటిగా నన్ను వాడుకున్న మనిషి ఇంకొకరు లేరు.

మొన్న సాయంత్రం వీరరాఘవులు వరండాలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"కొత్త ఆఫరొచ్చింది. ఈసారి తొమ్మిది నెలలు. గడువు బుధవారం పడింది, ముందే చూసుకున్నాను. కార్డెక్కడ పెట్టావు? నీ దగ్గరున్న డబ్బు కూడా ఓ తొమ్మిది నెలలు..."

సత్యవేణి తలెత్తలేదు. నాతో పీట గీకుతూనే అంది.

"కార్డు పనిలో ఉందండి. డబ్బూ పనిలోనే ఉంది."

అతను చెప్పులేసుకుని టీ కొట్టు వైపు వెళ్ళాడు. ఆమె నన్ను కడిగి, తుడిచి, చపాతీ కర్ర పక్కన పెట్టింది.