గెడ్డవైపు లైను

ఎడ్విన్ తెల్లవారి ఐదింటికి లేస్తాడు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తిని, ప్రార్థన చేసుకుని, సుత్తి, స్పానరు, ఎర్రజెండా భుజాన వేసుకుని పలాస నుంచి టెక్కలి వైపు పట్టాల వెంట నడుస్తాడు. కీమేన్ పని అది. వెళ్లేటప్పుడు ఒక లైను, వచ్చేటప్పుడు గెడ్డవైపు లైను, అంటే వాగు వైపుది, చూడాలి. పట్టాను పట్టి ఉంచే క్లిప్పు వదులైతే సుత్తితో బిగించాలి. పట్టా ఎక్కడైనా చిట్లిందేమో వంగి చూడాలి. చివర్న డైరీలో ‘బీటంతా చూశాను’ అని రాసి సంతకం పెట్టాలి.

ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. భార్య కిడ్నీ జబ్బుతో పోయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. మచ్చ పడని సర్వీసు పుస్తకం ఒక్కటే, ఇది నాది అని అతను చెప్పుకోగలిగింది.

అతనికి పని నేర్పినవాడు సత్యవేదం. అదే గ్యాంగుకి పెద్దగా, మేట్‌గా చేసి, తొమ్మిదేళ్ల కిందట రిటైరయ్యాడు. ఎడ్విన్ ‘అప్పా’ అని పిలిచే అక్క, పెదనాన్న కూతురు నయోమి భర్త కాబట్టి బావ. రిటైరైన మర్నాటి నుంచి సత్యవేదం గాలం పట్టుకుని రైలు వంతెన కింద గెడ్డ ఒడ్డున బల్లపరుపు రాయి మీద కూర్చునేవాడు. ఆదివారం తప్ప. వానొచ్చినా, ఎండ కాసినా తొమ్మిదింటికల్లా రాయి మీద ఉండాల్సిందే. బెత్తెడు లేని చేప పడితే గాలం తీసి మళ్లీ నీళ్లలో వదిలేసేవాడు.

ఆ వేళకే ఎడ్విన్ వంతెన మీదికొచ్చేవాడు.

“బావా, ఏటైనా పడిందా?”

“పడతాదిలే. నీ పట్టా నువ్వు సూసుకో. సేపలకి లేని తొందర నీకేల?”

రోజంతటికీ ఎడ్విన్‌తో మరొకరు మాట్లాడిన మాటలు అవే.

మొన్న అక్టోబరులో సత్యవేదం నిద్రలోనే పోయాడు. సమాధుల తోటలో పాతిపెట్టి వచ్చిన మర్నాడు, తొమ్మిదింటికి గెడ్డలోని చేపలన్నీ రాయి దగ్గరికొచ్చి, ఒడ్డువైపు మొహాలు పెట్టి నిలబడ్డాయి. కొర్రమీనులు వెనక, జెల్లలు ముందు. గంటసేపు నిలబడి వెళ్లిపోయాయి. అప్పటి నుంచి రోజూ అంతే. ఆదివారం మాత్రం రావు. బట్టలుతికే ధనలక్ష్మి వాటిని చేత్తో పక్కకు జరిపి చీరలు జాడించుకునేది. వల వేసినవాడు ఒక్కడు లేడు. ఒకరి కోసం వచ్చిన చుట్టాలను ఇంకొకరు కూరొండుకుంటారా?

ఎడ్విన్ వాటిని ఒక్కసారే చూశాడు. మర్నాటి నుంచి వంతెన దగ్గరికి రాగానే అవతలి లైనులోకి మారి, తల తిప్పుకుని, దాటాక మళ్లీ ఇవతలికి వచ్చేవాడు. రెండు వందల అడుగుల దూరం. డైరీలో మాత్రం ‘బీటంతా చూశాను’ అని సంతకం. దుఃఖం దుఃఖమే, పని పనే. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే తప్పు చేశాడు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి దగ్గర నయోమి ఆపింది.

“ఒరే ఎడ్విన్, మీ బావ సేపలెలగున్నాయిరా? నాకు మోకాళ్లు సాగక దిగలేకపోతన్నాను. సిక్కిపోనాయేటి?”

“బాగానే ఉన్నాయప్పా.”

“నువ్వే సిక్కిపోనావు. పెళ్లి కావలసినోడిలాగ తలొంచుకుని నడుత్తన్నావు. కూడు తింతన్నావా?”

“తింతన్నాను.”

రెండు అబద్ధాలు, అదీ గుడి మెట్ల మీద.

జనవరిలో చలి ముదిరింది. చలికి పట్టా ముడుచుకుని, బలహీనంగా ఉన్నచోట తెగుతుంది. ఒకనాడు ఎడ్విన్ వంతెన దగ్గర అవతలి లైనులోకి అడుగు వేస్తుండగా కిందినుంచి ధనలక్ష్మి కేకేసింది.

“ఓ బావూ! మీ బావ సేపలియ్యాల రాయికాడ నేవు. అటేపు గోడకాడికెల్లి నోళ్లు పైకెత్తి నిలబడ్డాయి. ఏటో సూడు!”

చూడక తప్పలేదు. చేపలన్నీ వంతెన గోడకు ఆనుకుని, నీళ్లలో నిలువుగా నిలబడి పైకి చూస్తున్నాయి. అవి చూస్తున్న చోటికే, గెడ్డవైపు లైనుకి, ఎడ్విన్ వెళ్లాడు. పట్టా తెగి ఉంది. సందులో బొటనవేలు దూరుతుంది. టెక్కలి దాటిన పాసింజరు ఆ లైను మీదే రావాలి.

స్టేషనుకి ఫోన్ చేస్తూనే టెక్కలి వైపు పరిగెత్తాడు. చక్రం ఎక్కితే పేలి డ్రైవరును హెచ్చరించే పటాసులు పట్టా మీద కట్టి, ఎర్రజెండా ఎత్తాడు. పటాసులు పేలాయి. బండి గెడ్డకు చాలా దూరంలోనే ఆగింది. జనం దిగి అతని చేతులు పట్టుకున్నారు. ఒక ముసలామె నెత్తిన చెయ్యిపెట్టి దీవించింది.

సూపర్‌వైజరు జానకిరామ్ ట్రాలీ మీద వచ్చాడు.

“ఎడ్విన్ గారూ, అవార్డుకి రాస్తున్నాను. నిన్న చూసినప్పుడు పట్టా బాగానే ఉంది కదా?”

“నిన్న సూడలేదండి.”

“మరి మొన్న?”

“డెబ్బై ఒక్క రోజులయిందండి, ఈ ముక్క సూసి.”

జానకిరామ్ కలం ఆగిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. “ఆ రోజుల లెక్క ఎవరడిగారండీ మిమ్మల్ని? నాలుగు నెలల్లో వెళ్లిపోయే మనిషి! నిన్న బాగుందని ఒక్క ముక్క రాసెయ్యండి, దండ వేయించుకుని దర్జాగా ఇంటికి పొండి.”

“పుత్తకం మీద రాయకపోనా, మచ్చ పడిపోనాది బాబూ. కాయితం ఇలగియ్యండి.”

వంతెన గోడ మీద కాగితం పెట్టి, డెబ్బై ఒక్క రోజులు చూడలేదని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం నయోమికీ నిజం చెప్పాడు. ఆమె నోరారా తిట్టి కాఫీ ఇచ్చింది.

కాగితాలు పై ఆఫీసుకెళ్లి శిక్ష రావడానికి వారం పడుతుంది. అంతవరకు బీటు అతనిదే.

మర్నాడు తొమ్మిదింటికి ఎడ్విన్ గెడ్డవైపు లైను మీదే వంతెన ఎక్కాడు. మొదటి క్లిప్పు కొట్టి చూశాడు. గట్టిగా ఉంది. కిందికి చూశాడు. నీళ్లు ఖాళీ. ఒక్క చేపా రాలేదు. రాయి ఎండలో ఉత్త రాయిలా ఉంది.

“బావ లేడు,” అన్నాడు పైకి. ఆ మాట అతను అనడం అదే మొదలు.

ముందుకి జరిగి, వంగి, రెండో క్లిప్పు మీద సుత్తి వేశాడు.