ఇంజను నిలిచిన మధ్యాహ్నము

వైశాఖమధ్యాహ్నమునఁ జండభానుఁడు నడిమింట నిలిచి సముద్రతీరసైకతములను బెనమువలెఁ గాల్చుచుండఁగా నుప్పుమళ్ళ గట్లపైఁ బోసిన లవణరాసులు కన్నులకు మిఱుమిట్లు గొలుపుచు నా తెల్లఁదనము నడుమ నాయిలింజనులు కక్కిన మసిచాఱలు మాత్రము నల్లఁగాఁ గనఁబడుచుండెను. బోరులనుండి యుప్పునీటిని మళ్ళకుఁ దోడు నా యింజనుల చప్పుడు తెల్లవాఱినది మొదలు పొద్దుగ్రుంకువఱకు నా పల్లెను విడువదు.

ఆ చప్పుడును దిట్టని యాఁడుది యచ్చట లేదు. అందఱికంటె మిన్నగాఁ దిట్టునది చెంచమ్మ. "ఈ ముదనష్టపు ఇంజను నా చెవులు తినేసింది" అని పెనిమిటియగు మస్తానయ్యను సాధింపక యామెకుఁ బొద్దుపోదు. ఐనను బదిమంది పిల్లల యేడ్పులలోఁ దల్లి తన బిడ్డ యేడ్పు నానవాలు పట్టునట్లు అన్ని యింజనులలోఁ దన మగని యింజనును వేఱుగా వినుచు నది కొట్టుకొనుచున్నంతవఱకు నతఁడు క్షేమముగా నున్నాఁడని గుండెలపైఁ జేయి వేసికొని పనులు చేసికొనుచుండెడిది. ఈ సంగతి యామె యెవ్వరికిని జెప్పలేదు. చెప్పవలసినదని తోఁపనేలేదు.

ఆ దినమున నామె పులుసునకుఁ జింతపండు పిసుకుచుండఁగా నా చప్పుడు గొంతు నులిమినట్లు తటాలున నాఁగెను. పొద్దుండఁగా దాని నెవ్వరు నాఁపరు. చమురు తీఱిన యింజను దగ్గి దగ్గి యాఁగునుగాని యిట్లాఁగదు. పోయిన యేఁడు పొరుగింటి రవణమ్మ మగని పైపంచె యింజను చక్రమును ద్రిప్పు పట్టాలోఁ జిక్కి యతనిఁ జక్రముమీఁదికి లాగి ప్రాణము దీసినప్పుడు తోడివారు పరుగెత్తి యింజనును నిలిపిననాఁడే యిట్లాఁగెను. చెంచమ్మ గిన్నె నట్లే విడిచి లేచెను. అంతలో రవణమ్మ గోడ చుట్టి వచ్చి యామె చేయి పట్టుకొని "పదమ్మా, నేనూ వస్తా" అని మాత్రమనెను. ఆ మాటతోఁ జెంచమ్మకుఁ దన భయము నిజమని తోఁచెను.

కాళ్ళు బొబ్బలెక్కుచున్నను దెలియక యామె పరుగిడి గట్టెక్కి చూడఁగా మస్తానయ్య యింజనుపాక గుంజకుఁ జేరగిలఁబడి యావలివైపు మొగముతోఁ దల వ్రాల్చి కదలక మెదలక కూర్చుండియుండెను. "ఏమయ్యో" అని పిలిచెను. పలుకలేదు. గొంతు చించుకొని మరలఁ బిలిచెను. పలుకలేదు. అంతట మగని పేరు నోట రారాదను నియమమును మఱచి "మస్తానయ్యా" అని పేరు పెట్టి యఱచెను. అప్పుడును నతఁడు తల యెత్తఁడాయెను. వెనుకనున్న రవణమ్మ గొల్లుమనెను.

చెంచమ్మ మోఁకాళ్ళపైఁ బ్రాఁకి పోయి యతని భుజమును గుంజెను. అతఁ డులికిపడి తిరిగి చూచి "ఏందే? ఇంట్లో ఏమన్నా అయిందా?" అని యడిగెను. ఇంజను ప్రక్క నిన్నేండ్లు కూర్చుండి కూర్చుండి యతని చెవు లేనాఁడో పోయినవన్న సంగతి యా తత్తరపాటున నామెకుఁ దోఁపలేదు. గొట్టమునుండి చప్పుడు లేక పాఱు నీటిని దల వంచి చూచుచుఁ బిల్లవానివలె మైమఱచియున్నాఁడు.

అతఁడు గట్టుమీఁద నెండకుఁ బఱచియున్న యద్దపుఁబలకలను జూపి "ఇంక ఇంజను లేదే. ఉప్పు సంఘమోళ్ళు పొద్దున వచ్చి సోలారు పెట్టి ఇప్పుడే పోయినారు. ముందే చెబితే నవ్వుతావని చెప్పలా. మన పొగే ఆకాశానికి పట్టి అదునుగాని వానలు పడతుండాయంట. నా పొగే నా ఉప్పును కరిగించింది. ఇదిగో, నీకూ చెవులపోటు వదిలింది" అని మురియుచుండఁగానే చెంచమ్మ యతని చెంప ఛెళ్ళుమనిపించెను.

పుట్టి బుద్ధెఱిఁగి యామె మగనిపైఁ జేయెత్తి యెఱుఁగదు. ఏడ్చుచున్న రవణమ్మ యేడ్పాఁపెను. చెంచమ్మ యతని చెవిలో నోరుపెట్టి "అది ఆగిపోతే నువ్వు బతికుండావని నాకెట్ట తెలిసేది?" అని యడిగి యప్పుడు వెక్కి వెక్కి యేడ్చెను. కాఁపురము చేసినంతకాలము తిట్టిన చప్పుడునే యామె ప్రాణము పెట్టి వినెనని తెలిసి మస్తానయ్య చెంప తడుముకొనుట కూడ మఱచెను.

మఱునాఁటినుండి యతఁడు మడికి నీరు మార్చినప్పుడెల్ల గట్టెక్కి యూరివైపు దిరిగి "ఓయ్ చెంచమ్మా" అని కేక వేయుచుండెను. చెవిటివాని కేక గావున నింజనుకంటె నిదియే ఘోరమని యిరుగుపొరుగువారు నవ్విరి. సూర్యుఁడు నీరు తోడఁగలఁడు, పొగ మాన్పఁగలఁడు. మగఁడున్నాఁడను కబురు మాత్రము మగఁడే యంపవలయును. రవణమ్మ యా కేక వినఁబడినప్పుడెల్లఁ జేతిలోని పని నాఁపి కడవఱకు విని పిదపఁ దన పనిలోఁ బడుచుండెను.