పన్నెండే చూపించిన మలారం

నేను ఒక మలారాన్ని. ఈ కాలపు వాళ్లకు తెలియదేమో, గాజులమ్మేవాళ్లు గాజులు గుచ్చి భుజాన వేసుకునే నూలు పగ్గాన్ని. నన్ను పేనింది అండాలమ్మ మొగుడు. ఆయన పోయాక గాజుల బేరంతో పాటు నేనూ ఆమె భుజం మీదికి వచ్చాను.

దొర కోటలాంటి గడీలో పోలీసులు దిగిన ఏడాది అండాలమ్మ, దొర మీద తిరగబడ్డ దళానికి వేగు పని మొదలుపెట్టింది. గడీలోకి ఈగను కూడా రానివ్వరు గాని గాజులామెను మాత్రం పిలిచి పీట వేస్తారు. ఏం మనుషులో! తుపాకులకు కాపలా పెట్టుకుంటారు, నోటికి పెట్టుకోరు. వేళ్లు నొక్కి గాజు ఎక్కిస్తుంటే గడీ ఆడవాళ్లు ఎంతమందికి వండుతున్నారో కూడా చెప్పేసేవాళ్లు.

ఇంటికొచ్చి, పోలీసులు ఎందరో అన్ని పచ్చ గాజులు నాకు గుచ్చి అరుగు మీద కొయ్యకు తగిలించేది. సాయంత్రం గొల్ల బీరయ్య మందను ఊరి బయటి దొడ్డికి తోలుకుపోతూ లెక్క చూసుకుని దళానికి చేర్చేవాడు. ఒకరు దొరికినా రెండోవాళ్ల పేరు బయటపడకూడదని, మాటలు వద్దు, వెనక్కి తిరగడం వద్దు అంది దళం.

ఆ రోజు నా మీద ఇరవై నాలుగు గాజులు. మధ్యాహ్నం పక్కింటి చంద్రమ్మ వచ్చింది. ఏడో నెల. మొగుడు బక్కయ్య దళంలో ఉన్నాడు. "పెద్దమ్మా, పచ్చగాజులు తొడుగు. ఆయనొచ్చి సూస్తే సంబురపడాలె" అని రెండు చేతులూ చాపింది.

చూలాలు చేయి చాపితే గాజులామె లేవనదు, ఆగమనదు. అది గాజులవాళ్ల నియమం. అండాలమ్మ నా మీది నుంచే తీసి, చేతికి ఆరు చొప్పున తొడిగి, "సల్లగుండు బిడ్డా" అంది. సాయంత్రం లోపు మళ్లీ గుచ్చొచ్చులే అని పెట్టెలో గాజుల కోసం లోపలికి పోయింది.

మబ్బు పట్టిందని బీరయ్య ఆ రోజు మందను ముందే మళ్లించాడు. నన్ను చూశాడు. పన్నెండు. వెళ్లిపోయాడు.

అండాలమ్మ బయటికొచ్చేసరికి మంద వీధి మలుపు తిరుగుతోంది. ఎదురుగా బావి దగ్గర ఇద్దరు పోలీసులు. పేరు పెట్టి పిలిస్తే ఇద్దరి పనీ అయిపోతుంది. నన్ను భుజాన వేసుకుని "గాజులమ్మో, గాజులు!" అని గొంతు చించుకుంటూ వెంటపడింది. బీరయ్య తిరగలేదు. ఊరి చివర కాపలావాడు "బయటికి పోవద్దు, వాపస్ నడువ్" అని కసిరాడు. బీరయ్య తప్ప దళానికి మరో దారి తెలియని ఆమె నన్ను మోసుకుని వెనక్కి తిరిగింది.

పన్నెండు మందే కదా అని దళం మర్నాడు గడీ మీద పడింది. ముగ్గురు పోయారు. వాళ్లలో బక్కయ్య ఒకడు.

రాత్రికి రాత్రే కొత్త పోలీసులు వచ్చి ఉంటారని దళం అనుకుంది. అండాలమ్మ నిజం చెప్పలేదు, నన్ను మళ్లీ ఎత్తుకోనూ లేదు. చంద్రమ్మకు పురుడు పోసింది, బిడ్డను సాకింది. "కన్నతల్లి గూడ ఇట్ల అరుసుకోదు పెద్దమ్మా" అని చంద్రమ్మ అన్నప్పుడల్లా లేచి పెరట్లోకి పోయి ఏడ్చేది.

ముసలితనంలో మంచాన పడితే చంద్రమ్మే నోట్లో నీళ్లు పోసింది. "ఏమన్న చెప్పేదున్నదా?" అని తన చెవిని ఆమె నోటి దగ్గర పెట్టింది. అండాలమ్మ పెదవులు కదిలాయి. చంద్రమ్మ ముఖం చూసి, ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు నేను పట్నంలో మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్నాను. దళంవాళ్ల నోట అండాలమ్మ వేగు సంగతి విని, తెచ్చి ఇచ్చింది చంద్రమ్మే. ఏడాదికోసారి మనవరాలి చేయి పట్టుకుని వచ్చి, చుట్టూ ఉన్నవాళ్లను పిలిచి మరీ చెబుతుంది: "ఇది మా పెద్దమ్మది. మా ఆయన బతికున్నన్ని దినాలు ఈమె పంపిన లెక్క మీదనే బతికిండు."

వింటూ ఉంటాను. నాకు నోరున్నా ఆమెకు మాత్రం చెప్పను.