కరగని ముక్క

మూడో రోజు పొద్దున చితి బూడిదలో బొక్కలు ఏరడానికి వెళ్లినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. కన్నకూతురు ఏడవట్లేదేమని మా మేనత్తలు చెవులు కొరుక్కుంటున్నారు. కొరుక్కోనీ. నాయిన పోయినప్పటి నుంచి నా ఒళ్లు నాది కానట్టే ఉంది. అన్నం పెడితే తింటున్నాను, చాప పరిస్తే పడుకుంటున్నాను.

గౌడవెల్లి శివారులో, మా పొలం దారి పక్కనే నాయినను కాల్చాం. అమ్మ, అన్న నిఖిల్, నేను, మేనమామ, పాలివాళ్లు కొందరు అక్కడికి వెళ్లాం. కొరివి పెట్టినవాడు కాబట్టి అన్న పంచె కట్టుకుని, చెప్పుల్లేకుండా ఉన్నాడు. పదొద్దులయ్యేదాకా ఎవరి గడపా తొక్కకూడదు. పాలు చల్లి, బూడిద కదిపి, బొక్కలు ఏరి కుండలో వేస్తున్నాం. పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. అమ్మ చేతికి మాత్రం అగ్గిపెట్టెలో సగమంత ముక్క ఒకటి దొరికింది. తెల్లగా, రాయిలా ఉంది.

"సూడు బిడ్డా, మీ నాయిన బొక్క ఎంత గట్టిగున్నదో," అని కళ్లకద్దుకుంది.

అన్న దాన్ని తీసుకుని తిప్పి చూశాడు. అంచులు కోసినవి కోసినట్టే ఉన్నాయి.

"అది నాయిన బొక్క గాదమ్మా. నేను జేసింది."

మా అన్న శామీర్‌పేట దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాడు. విరిగి అతకని బొక్కల మధ్య పెట్టే ముక్కలు అక్కడ తయారు చేస్తారు. మన బొక్కలో ఉండే సున్నం లాంటి దాంట్లోనే స్ట్రాన్షియం అనే లోహం కొద్దిగా కలిపి కొలిమిలో కాలుస్తారు. ఒంట్లో పెట్టాక అది మెల్లగా కరిగిపోవాలి, దాని చోట మన బొక్క పెరుగుతూ రావాలి. ఆ లోహమే బొక్కను పెంచుతుందని అన్న అన్నం తింటూ కూడా పాఠం చెప్పేవాడు. రెండేళ్ల కింద, 2004లో, కరీంనగర్ రోడ్డు మీద లారీ తగిలి నాయిన కాలు విరిగింది. ఎంతకీ అతకలేదు. మేడ్చల్‌లో ఒక ఆస్పత్రిలో ఈ ముక్కలను పరీక్షగా పెడుతున్నారని తెలిసి, "మా పిలగాడు జేసిందే పెట్టుండ్రి," అని నాయినే అడిగి పెట్టించుకున్నాడు.

కొన్నాళ్లకు ఎక్స్‌రేలో ఆ చోటు తెల్లగా మెరిసింది. బొక్క నిండిందన్నారు. ఆ ఎక్స్‌రే అన్న ఆఫీసు గోడెక్కింది. నాయిన మాత్రం కుంటుతూనే ఉన్నాడు. అన్నకు చెబితే, "ఎక్స్‌రే మంచిగున్నది. భయంతోటి కుంటుతున్నడు," అన్నాడు. ఎక్స్‌రే చూస్తాడు గానీ మనిషిని చూడడు మా అన్న. ఇక నాయిన సంగతి సరేసరి. నొప్పి ఉందా అని అడిగితే, "నొప్పా? యాడిది? మస్తుగున్న," అని వాకిట్లో నడిచి చూపించేవాడు. చివరికి నిద్రలో గుండె ఆగి పోయాడు.

"నొప్పుండె," అంది అమ్మ, బూడిదలోకి చూస్తూ. "దినాం కాలు వత్తినదాన్ని, నాకెరుక. పిలగాని పని ఖరాబైతది, చెప్పకన్నడు."

అన్న ముక్కను బొటనవేలితో రుద్దాడు. "ఆ లోహం ఎక్స్‌రేల బొక్క కంటె తెల్లగ కనవడ్తది. మేం జూసింది బొక్క గాదు. గీ ముక్కనే. జరంత గూడ కరగలే."

"కుండల ఎయ్యిరా," అన్నాడు మా మేనమామ సిద్దిరాములు. "గంగల కలిస్తే అయిపాయె."

అది నిజమే. గంగలో కలిస్తే ఇక ఎవరికీ తెలియదు. కానీ ఆ సాయంత్రమే దేవరయాంజాల్ సత్తమ్మ విరిగిన తొడలో అలాంటి ముక్కే పెట్టబోతున్నారు. ఆమె మాకు దూరపు చుట్టం. మొదట భయపడి ఒప్పుకోకపోతే నాయినే వెళ్లి ఒప్పించాడు.

అన్న అక్కడి నుంచే, ఆ ఆపరేషన్ చేసే డాక్టర్ చక్రపాణిగారికి ఫోన్ చేశాడు. "ముందు కార్యం చూసుకోండి. బాధలో ఉన్నారు, పదో రోజు అయ్యాక మాట్లాడుకుందాం. ఆవిడ ఒప్పుకుని సంతకం కూడా పెట్టింది," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

"పో కొడుకా," అంది అమ్మ.

"అంటుల ఉండి దవఖానకు పోతడా?" అని మేనమామ లేచాడు.

"పాపం తాకితే నాకు తాకనియ్," అంది అమ్మ.

స్కూటీ నేను నడిపాను. అన్న ముక్కను పిడికిట్లో పట్టుకుని వెనక కూర్చున్నాడు. మేడ్చల్ ఆస్పత్రికి పోయే దారంతా అన్న మీద కోపం రావాలి కదా అనుకున్నాను. అది కూడా రాలేదు.

మమ్మల్ని చూడగానే సత్తమ్మ మంచం మీద కంగారుపడింది. "అయ్యో కొడుకా, పదొద్దులు గాకముందే ఇట్లొచ్చినవేంది? అంజయ్యన్న పోయిండంటే రానీకి గూడ గాలె నాకు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయన మాట మీదనే ఒప్పుకున్న. గీ మంచం ముంగట అటుఇటు నడిసి చూపిచ్చిండు. సూడు సత్తమ్మా, నొప్పి లేదు గిప్పి లేదు అన్నడు."

అన్న పిడికిలి తెరిచాడు. ఇక స్ట్రాన్షియం గురించి మొదలుపెడతాడనుకున్నాను. అలా మొదలుపెడితే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లేదాన్నే.

"నాయిన అబద్ధం జెప్పిండు అత్తా," అన్నాడు.

"పోయినోణ్ణి గట్లంటవా? బూడిద గూడ సల్లారలే."

"నా కోసం జెప్పిండు. కాలు నొస్తనే ఉండె. గిది ఆయన కాలుల పెట్టింది, పెట్టింది పెట్టినట్టె ఉన్నది. నువ్వు పెట్టిచ్చుకోకు. నీ తుంటి బొక్కనే జరంత తీసి పెట్టుమని అడుగుదాం. పాత పద్ధతే గని, అతుకుతది."

సత్తమ్మ ఆ ముక్కను ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. స్ట్రెచర్ తోసుకుంటూ నర్సు వస్తే, "నేను రాను. డాక్టరు సారును పిలువుండ్రి," అంది. నర్సు గొణుక్కుంటూ వెళ్లింది.

"అయితే కొడుకా," అంది సత్తమ్మ అన్న వైపు తిరిగి, "ఆనాడు గూడ నొప్పుండెనా?"

అన్న తల ఊపాడు.

"నేనే ఇంకోపారి నడువుమన్న. నమ్మక మళ్ల నడువుమన్న. నవ్వుకుంట నడిసిండు."

అన్న గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.