తాస్యా పెట్టిన నియమం

తొట్టిలోకి చేయి పెట్టి, తోక మొదలు పట్టి పైకి లేపి, బొటనవేలితో ఒక్కసారి తడిమి, దుడ్డుకర్రతో నెత్తిన ఒక్కటి. తైసియా ఉదయం ఆరు నుంచి ఇదే చేస్తోంది. దెబ్బ తిన్న చేప ఎడమవైపు పెట్టెలో పడుతుంది. ఎప్పుడో ఒకటి మాత్రం దెబ్బ తినకుండా కుడివైపు గొట్టంలోంచి ఏటి ఎగువకు జారిపోతుంది. అది ఈ ఏటి సొంత సాల్మన్. పెట్టెలోకి పోయేవి గూని చేపలు. పసిఫిక్ సముద్రపు జాతి, ఈ నీళ్లకు పిలవని పేరంటంగా వచ్చినవి.

ఏటికి అడ్డంగా ఇనుప కడ్డీల కంచె, దాని మధ్యలో బోను. నార్వే ఉత్తరపు కొసనున్న ఆ ఊళ్లో, గూని చేపలు రెండేళ్లకోసారి దిగే బేసి సంవత్సరం జులై వచ్చిందంటే ఊరు ఊరంతా వంతులేసుకుని అక్కడ నిలబడాల్సిందే. వంతు లేకపోయినా నిలబడేది తైసియా ఒక్కతే, ఊరివాళ్లకు తాస్యా. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, అరవై ఏళ్లు. ఎడమ ఉంగరపు వేలి కొస చేపల ఫ్యాక్టరీ యంత్రంలో పోయింది. నవ్వితే పైవరసలో బంగారు పన్ను మెరుస్తుంది. అందరూ తొడుగులు వేసుకుంటే ఆవిడ వట్టి చేతులతోనే పట్టేది. గూని చేప పొలుసు మరీ సన్నం, చేతికి సబ్బులా జారుతుంది. సొంత సాల్మన్ తోక మొదలు పిడిలాగా పట్టు ఇస్తుంది. మిగతావాళ్లు తోక విప్పి గూని చేపకుండే నల్లమచ్చలున్నాయా లేదా అని వెతికేలోపు ఆవిడ మూడు చేపలు తేల్చేసేది.

"ఏం తాస్యా, మీ పిల్లలు ఇవాళ మందలు మందలుగా దిగారే!" అన్నాడు ట్రిగ్వే, బోనులోంచి వలతో చేపల్ని తోడి తొట్టిలో పోస్తూ. కరెంటు పని చేసి రిటైరైన మనిషి. నోరు ఊరుకోదు.

"పెంచిన చేతులు కదా, వెతుక్కుంటూ వస్తారు. నిన్ను వెతుక్కుంటూ దోమలు తప్ప ఏమొస్తాయి?"

ఒడ్డున లెక్క రాసుకుంటున్న ఐలిఫ్ కిసుక్కున నవ్వాడు. బోను పెత్తనం ఆయనది.

పెంచిన మాట నిజమే. ఇరవై రెండేళ్లప్పుడు, సరిహద్దుకు అవతల తెల్లసముద్రం ఒడ్డున, రష్యా సర్కారు వారి చేపపిల్లల కేంద్రంలో తైసియా కూలి మనిషి. దేశం ఆ చివరి నుంచి విమానంలో గుడ్లు వచ్చేవి, బఠానీ గింజంత, నారింజ రంగులో. చలికాలమంతా వాటి ముందు కూర్చుని చచ్చిన గుడ్లను చిమటాతో ఏరేసింది. వసంతంలో పిల్లల్ని బకెట్లతో ఏట్లో పోసింది. అంతకుముందు ఎన్నోసార్లు పోసినవి ఊసులేకుండా పోయాయట. ఈ విడత పిల్లలు మాత్రం రెండేళ్లకు తిరిగొచ్చాయి. వచ్చి ఊరుకోలేదు, సరిహద్దు దాటి ఏరు తరవాత ఏరు ఆక్రమించుకుంటూ పోయాయి. తైసియా కూడా సరిహద్దు దాటింది, మాగ్నార్ అనే జాలరిని చేసుకుని.

గుడ్లతో పాటు వచ్చిన ముసలాయన ఒకడు చెప్పేవాడు. వాటి సొంత ఏర్లలో అవి గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతాయి. ఎలుగుబంట్లు, గద్దలు తింటాయి, మిగిలింది చెట్లకు ఎరువు. ఒక్కటీ వృథా పోదు. ఇక్కడ అంత తినేవాళ్లు లేరు. కంచె లేని ఏడాది ఏరంతా కుళ్లి కంపు కొట్టింది. తైసియా ఏనాడూ తను తప్పు చేశానని ఏడవలేదు. అప్పుడు అది పని, ఇప్పుడు ఇది పని. కానీ మాగ్నార్ పోయాక నాలుగేళ్లుగా ఆమెకు ఇంటికి తాళం వేసి రావాలనిపించే చోటు ఈ బోను ఒక్కటే. ఇది కూడా లేకపోతే ఈ ఊళ్లో తనెవరో తనకే తెలియదు.

నియమం పెట్టింది కూడా తనే. సొంత సాల్మన్‌ను పొరపాటున కొట్టినవాళ్లు ఆ సీజనంతా బోను దగ్గరకు రాకూడదు. రెండేళ్ల కిందట ఆ నియమం మొదట పడింది ట్రిగ్వే మీదే.

మధ్యాహ్నం మూడయ్యేసరికి పెట్టెలు నాలుగు నిండాయి. "కాసేపు కూర్చో తాస్యా, చేతులు చూడు, ఉడికించిన పీతల్లా ఉన్నాయి," అన్నాడు ఐలిఫ్. ఆవిడ వినలేదు. ట్రిగ్వే కాఫీ కాచడానికి ఒడ్డెక్కాడు. ఐలిఫ్ ఫోనెత్తి అటు తిరిగాడు. తైసియా లేపింది, తడిమింది, కొట్టింది. లేపింది, తడిమింది, కొట్టింది.

పెట్టెలోకి విసరబోతూ ఆగింది. చేతిలోని చేప రెండు కిలోలుంటుందేమో, వెండి రంగు. తోక విప్పింది. ఒక్క మచ్చ లేదు. చల్లటి నీళ్లలో తొమ్మిది గంటలు నానిన వేలు ఏమీ చెప్పలేదు, ఏమీ చెప్పలేదన్న సంగతి కూడా ఆమె గమనించుకోలేదు.

ఎవరూ చూడలేదు. పెట్టెల్లో అయిదు వందల చేపలున్నాయి, పైన నాలుగు కప్పితే చాలు. తైసియాకు ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పలేం. ఖాళీ ఇల్లు, వంటగది కిటికీ, ఆగస్టు దాకా ఉన్న రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఐలిఫ్!" అని గట్టిగా పిలిచింది. చేపను రెండు చేతులా ఎత్తి చూపించింది.

ఐలిఫ్ దగ్గరకొచ్చి చూశాడు. తలెత్తి కొండల వైపు చూశాడు. "నాకు కళ్లద్దాలు లేవు. నేనేం చూళ్లేదు."

"ముక్కు మీద ఉన్నాయి."

ట్రిగ్వే కాఫీ కెటిల్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. ఇంత కాలం ఇలాంటి రోజు కోసమే కాచుకున్నట్టుండేవాడు గానీ, ఇప్పుడు అతని నోట్లోంచి ఎగతాళి రాలేదు. "ఒక్క చేపేగా తాస్యా. వెయ్యింట్లో ఒకటి. వదిలెయ్."

"నిన్ను పంపించినప్పుడు ఎన్ని?"

"...ఒకటి."

"మరి?"

"అప్పుడు నేను నిన్ను బండబూతులు తిట్టుకున్నాలే."

"తెలుసు. ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను, నీకు శ్రమ లేదు." బంగారు పన్ను మెరిసింది. "రాసుకో ఐలిఫ్, సొంతది ఒకటి, తైసియా చేతిలో."

"నువ్వు లేకపోతే ఈ మందని ఆపేదెవరు తల్లీ?" అన్నాడు ఐలిఫ్.

"ఇతను ఆపుతాడు. నెమ్మదిగా చేస్తాడు, కానీ తోక చూసి చేస్తాడు. నాకు పొగరెక్కి చూడ్డం మానేశాను." వేళ్లు చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకుంది. "ఇంకో రెండేళ్లకు వస్తాను. అవి రాకుండా ఉంటాయా, నేను రాకుండా ఉంటానా?"

కాఫీ తాగమంటే నిలబడే ఒక కప్పు తాగింది. సైకిలెక్కి, వెనక్కి చూడకుండా, రోడ్డు మధ్యలో నిటారుగా తొక్కుకుంటూ పోయింది. ట్రిగ్వే తొడుగులు వేసుకుని తొట్టి ముందు నిలబడ్డాడు. మొదటి చేప తోకను చాలాసేపు చూశాడు.

బోను నడిపే సంఘం వాళ్ల షెడ్డు గోడకు, కొక్కేనికి తలకిందులుగా, ఆవిడ విడిచి వెళ్లిన రబ్బరు తొడుగు ప్యాంటు వేలాడుతోంది. సైకిలు ట్యూబు ముక్కతో తనే వేసుకున్న మోకాలి అతుకు మీదుగా నీటిచుక్కలు ఇంకా కారుతూనే ఉన్నాయి.