నంద్యాల అడిగిన చౌడమ్మ

ఆ శుక్రవారం ఇంట్లో నాయన మద్దిలేటి, ఆయన్ను కన్న జేజి రంగనాయకమ్మ, అమ్మ, నేను ఉన్నాం. ఆళ్లగడ్డ నుంచి అంగడి కన్యకమ్మ వచ్చి కూర్చుంది. మా ఊరి అమ్మవారు చౌడమ్మ కూడా ఉందని రాయాలేమో. వాళ్ల దృష్టిలో ఆమె నాలోనే ఉంది.

ఉగాదికి చౌడమ్మ పండగలో, పిండితో చేసి నెయ్యి పోసి వెలిగించిన జ్యోతి నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే కాగిన నెయ్యి చుక్క నా మెడ మీద పడింది. కేక పెట్టాను. రాక్షసులను చంపిన చౌడమ్మ పూనిందని జనం చుట్టుముట్టారు. "ఎవరు తల్లీ నువ్వు? చౌడమ్మవేనా?" అని అడిగారు. అంతమందిని చూసి బెదిరి తల దించుకున్నాను. ఒప్పుకుందన్నారు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం పసుపు చీర కట్టి దేవుడి గదిలో కూర్చోబెడుతున్నారు.

నంద్యాల పాలిటెక్నిక్‌లో నాకు సీటు వచ్చింది. చేరడానికి ఆ రోజే ఆఖరు. మా ఊరి నుంచి నంద్యాలకు ఉన్నది పదింటి బస్సు ఒక్కటే.

పొద్దున్నే జేజికి నెయ్యి సంగతి చెప్పి మచ్చ చూపించాను.

"అంతమందిలో నీ మీదే యాల పడిందో? అమ్మ ముద్ర ఏసింది," అని జేజి మచ్చకు కుంకుమ పెట్టింది.

కన్యకమ్మ నా కాళ్ల దగ్గర టెంకాయ పెట్టింది. "అమ్మా, మా పూజితను అల్లుడు కొడతాండాడు. మళ్లా పంపియ్యమంటావా?"

"పంపాకు," అన్నాను.

ఆమె ఏడుస్తూ దండం పెట్టింది. "నువ్వు చెప్పినాక ఇంగ పంపను తల్లీ."

నా మాట ఇలా చెల్లుతుందని నాకప్పుడే తెలిసింది. కళ్లు మూసుకుని, "ఈ బిడ్డను ఈ పొద్దే నంద్యాలకు పంపియ్యండి," అన్నాను.

నాయన సాష్టాంగపడ్డాడు. "నంద్యాలలో గుడి అడుగుతాండావా తల్లీ?"

"గుడొకటేనారా? మేళతాళాలతో పోవాలంటాంది. దసరాకు పోదాం," అంది జేజి.

బయట బస్సు హారన్ వినిపించింది.

"గుడి కాదు నాయనా! నేను, సుప్రజను. కాలేజీకి పోవాల. బస్సు పోతాంది!"

"నోరు ముయ్యే సుప్రజా," అని జేజి కసిరింది. "పెద్దోల్లు అమ్మవారితో మాట్లాడతాంటే నడిమిట్ల నీ కాలేజీ ఏందీ? ఏమ్మే కోడలా, అమ్మ అలిసింది. తలుపెయ్."

నేను గడప దాకా వచ్చాను. నేను అక్కడ సిద్ధంగా పెట్టుకున్న సర్టిఫికెట్ల కవరు అమ్మ తీసి చంకలో పెట్టుకుని, నా వైపు చూడకుండా, తలుపు వేసి బయట గొళ్లెం పెట్టింది.